డ్రైవరుకి చెప్పకూడని మాట

పోయిన వారం బ్రేకమ్మని కంప్యూటర్ తెర ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకి రెండు ముక్కలు. వేరే ఊరి చిన్న ఆసుపత్రిలో ఒక ఇంటివాళ్లు, తమ మనిషిని పోగొట్టుకున్న దుఃఖంలోనే సంతకం చేసి ఒక కాలేయం ఇచ్చారు. దాన్ని తేవడానికి పొద్దున్నే చిన్న విమానంలో ముగ్గురు వెళ్లారు. ఉరుము డాక్టరని అందరూ వెనకాల పిలుచుకునే సర్జను, ఆయన జూనియరు, ఒక థియేటర్ నర్సు. పని అయ్యేసరికి మబ్బు కొండల మీదికి దిగింది. పైలట్ ఆకాశం వంక ఒకసారి చూసి "వద్దు" అన్నాడు. ఉరుము డాక్టరు ఫోన్లో ఉరిమినంత ఉరిమాడు. బ్రేకమ్మ మాత్రం పైలట్‌ని ఎందుకని అడక్కుండా, ముందు రోజే అక్కడికి పంపి పడుకోబెట్టిన వ్యాను డ్రైవరుకి ఫోన్ చేసి, నువ్వే తీసుకురా అంది. వ్యాను ఘాట్ రోడ్డు ఎక్కింది. ఎనిమిదో మలుపు దగ్గర, తెర మీద కదులుతున్న దాని నీలం చుక్క ఆగింది. ఎవరి ఫోనూ కలవలేదు.

రెండూ పదికి ఆగిన చుక్క రెండున్నరకి కూడా అంగుళం కదల్లేదు.

బ్రేకమ్మ అన్న పేరు ఆవిడకి ఊరికే రాలేదు. రెండేళ్ల కిందటి దాకా ఆవిడా థియేటర్ నర్సే. ఇట్లాగే ఒక కిడ్నీ పెట్టెతో వస్తున్న వ్యాను కల్వర్టుని గుద్దింది. పెట్టెకి సీటు బెల్టు కట్టారు, మనుషులు కట్టుకోలేదు. పెట్టె మీద గీత కూడా పడలేదు. పక్క సీట్లో కూర్చున్న తోటి నర్సు పోయింది. ఈవిడ ఎడమ మోచెయ్యి ఆ రోజు నుంచి పూర్తిగా సాగదు. డ్రైవరు మరీ తోలుతున్నాడని ఆవిడకి అంతకు పావుగంట ముందే అనిపించింది. ఇంతమంది పెద్ద డాక్టర్లున్న బండిలో చెప్పడానికి నేనెంత అనుకుని నోరు మూసుకుంది. ఆ మూసుకున్న నోటిని తెరిచి, ఇప్పుడు అవయవాలు తెచ్చే బండ్లు జాగ్రత్తగా నడిచేలా చూడటమే ఉద్యోగంగా చేస్తోంది.

ఆవిడ పెట్టిన నియమాలు చాంతాడంత లేవు. బండిలో ఎవరు "వద్దు" అన్నా బండి ఆగాలి, ఎందుకని అడక్కూడదు. దారి సగంలో రెండో వ్యాను ఒకటి, కడుపునిండా నిద్రపోయిన డ్రైవరుతో సిద్ధంగా ఉండాలి. చుక్క పావుగంట కదలకపోతే ఆ రెండో బండి ఎదురెళ్లాలి. ఇక ఆఖరిది, ఆవిడ ప్రాణం పెట్టుకున్నది. బండి నడిపేవాడికి పెట్టెలో ఏముందో చెప్పొచ్చు, ఎన్నింటికి రావాలో చెప్పొచ్చు. అది ఎవరి కోసమో మాత్రం ఒక్క మాట చెప్పకూడదు. తెలిస్తే కాలు చెప్పినమాట వినదు.

ఆసుపత్రి డైరెక్టరుకి ఇదంతా చాదస్తం. ఈ నియమాలు ఉంచాలా, ఎత్తెయ్యాలా అని రేపు పదింటికి మీటింగ్ పెట్టాడు.

బ్రేకమ్మ రెండో డ్రైవరుకి ఫోన్ కలిపింది. అతన్ని అందరూ నిద్రబాబు అంటారు.

"ఎక్కడున్నావ్?"

"కొండ ఎక్కుతున్నా అక్కా. పావుగంట దాటింది కదా, నీ ఫోన్ కోసం ఆగలేదు."

"వాన ఎట్లా ఉంది?"

"మన డైరెక్టరు నవ్వినట్టుంది. పడీ పడనట్టు."

"వేళాకోళాలు తర్వాత. ముప్పై దాటించకు. నీకేం తొందర లేదు."

"నాకెప్పుడు తొందరుందక్కా? పడుకోవడమే కదా నా డ్యూటీ," అంటుండగానే అతని గొంతు గరగరమని తెగిపోయింది. తెర మీద రెండో చుక్క, ఆకుపచ్చది, మూడో మలుపు దగ్గర మాయమైంది. కొండకి ఇటువైపు అక్కణ్ణుంచి పైన సిగ్నల్ ఉండదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినంత మాత్రాన గుండె ఊరుకుంటుందా?

బల్ల మీద ఫోన్ మోగింది. థియేటర్ నుంచి పెద్ద డాక్టరమ్మ.

"ఇక్కడ మనిషికి మత్తిచ్చి, కోత పెట్టి కూర్చున్నాను. పాతది తీసెయ్యమంటావా, ఆగమంటావా?"

"ఆగండమ్మా. పెట్టె మన గేటు దాటాకే."

"ఎంతసేపట్లో?"

"తెలీదు."

"తెలీదా?"

"తెలీదమ్మా. ఏదో ఒక టైము చెప్తే మీరు నమ్ముతారు. అందుకే చెప్పడం లేదు."

"మంచిది," అంది పెద్ద డాక్టరమ్మ. "ఆగుతాను. నాకు ఆగడం చేతనవును."

ఫోన్ పెట్టేసి తల తిప్పితే గుమ్మంలో టైలరు. లోపల బల్ల మీద ఉన్నావిడ మొగుడు. పొద్దున్న ఆసుపత్రి నుంచి కబురొచ్చినప్పుడు మిషన్ మీద నుంచి లేచి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు. మెడలో కొలతల టేపు అట్లాగే వేలాడుతోంది.

"వచ్చిందా అమ్మా?"

"ఇంకా రాలేదు నాయనా."

"రాదా?"

"ఆ మాట నేననలేదు. కూర్చో."

కుర్చీ చివర కూర్చున్నాడు. టేపు కొసని వేలికి చుడుతూ, విప్పుతూ, "పొద్దున్న పిల్లలిద్దరికీ జడలు నేనే వేశాను," అన్నాడు. "ఇరవయ్యేళ్లుగా కుడుతున్నాను, నా కుట్టు వంకర పోవడం ఎవరూ చూళ్లేదు. జడ మాత్రం వంకర పోయింది. చిన్నది అద్దం చూసుకుని, అమ్మ వచ్చేదాకా ఇట్లాగే ఉంచుతానంది."

బ్రేకమ్మ సీసాలో నీళ్లు గ్లాసులో పోసి అతని ముందు పెట్టింది.

మూడూ పదికి తెర మీద ఆకుపచ్చ చుక్క టక్కున వెలిగింది. మూడో మలుపు దగ్గరే. కిందికి దిగుతోంది. ఆ వెంటనే ఫోన్.

"అక్కా! అందరూ ఉన్నారు. నలుగురూ. పెట్టె కూడా. అందరూ నా బండిలోనే."

"దెబ్బలు?"

"జూనియరు గారి నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి. అంతే. మీ ఉరుము అయితే రోడ్డు పక్క రాయి మీద పెట్టె ఒళ్లో పెట్టుకుని, గొడుగు దానికి పట్టి, తను తడుస్తూ కూర్చుని ఉన్నాడు. ఫొటో తీద్దామనుకున్నా, భయమేసింది."

"మొదటి బండికేమైంది?"

"బండి బాగానే ఉంది. మనిషే బాగా లేడు. చేతులు ఒకటే వణుకుతున్నాయి. తాళం తీసి డాష్‌బోర్డు మీద పెట్టేసి, ఇంక నేను నడపను, నాకు తెలిసిపోయింది అంటున్నాడు."

"ఏం తెలిసింది?"

"అదే అక్కా. ఎవరి కోసమో. ఎవరో చెప్పారంట."

బ్రేకమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరో అంటే ఎవరు? పొద్దున్న ఫోన్లో ఉరిమింది ఎవరో, వాళ్లే. ఇంకెవరికి అంత నోరుంది? సరే, రానీ. ముందు ప్రాణాలతో రానీ.

టైలరు వైపు తిరిగి, "బయల్దేరింది," అంది. అతను టేపు మెడలోంచి తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి మెడలో వేసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక ఆవిడ గ్లాసులో నీళ్లు కూడా తాగేశాడు.

వ్యాను నాలుగూ ముప్పై అయిదుకి గేటు దాటింది. హారన్ లేదు, హడావుడి లేదు, సంత నుంచి ఇంటికొచ్చిన బండిలా నింపాదిగా వచ్చి మెట్ల దగ్గర ఆగింది. తలుపు తీసి బ్రేకమ్మ ముందు పెట్టె వంక చూడలేదు. బెల్టులు చూసింది. నర్సుకి ఉంది. జూనియరుకి ఉంది. ఉరుము డాక్టరుకి ఉంది. ముందు సీట్లో నిద్రబాబు పక్కన తల వంచుకుని కూర్చున్న డ్రైవరుకి ఉంది. అప్పుడు చూసింది పెట్టె వంక. దానికీ ఉంది.

నర్సు దిగుతూనే ఆవిడ భుజం మీద తల పెట్టి, "ఏడవనా, నవ్వనా?" అంది.

"ముందు బట్టలు మార్చుకో. రెండూ తర్వాత."

జూనియరు బొప్పితో సహా పెట్టె పట్టుకుని లిఫ్టు వైపు పరిగెత్తబోయి, ఆవిడ చూపు చూసి నడిచాడు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. అంతవరకూ పట్టుకున్న ఓపిక కాస్తా అప్పుడు తెగింది.

"డాక్టరు గారూ, ఒక్క మాట."

ఉరుము డాక్టరు ఆగాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, జుట్టు నుదుటి మీద పడి, కోళ్లగూట్లోంచి బయటికొచ్చినట్టున్నాడు.

"డ్రైవరుకి ఎవరి కోసమో చెప్పారంట. మీ అంత పెద్దవాళ్లకి నియమాలు వర్తించవని నాకు తెలుసు. కానీ వాడి చేతులు చూడండి ఒకసారి. వాన, కొండ, ఎనిమిది మలుపులు. అందులో పసిపిల్లల్ని అడ్డం పెట్టి తొక్కిస్తారా? విమానం ఎగరనివ్వలేదని నా మీద కోపముంటే నన్ను తిట్టండి, పడతాను. పొద్దున్న తిట్టారు, పడ్డాను. ఆ కోపం వాడి కాలి మీద చూపిస్తారా? నా పక్క సీట్లో ఒక మనిషి..." ఆవిడ తన ఎడమ మోచెయ్యి పట్టుకుంది. "మళ్లీ అది నేను చూడలేను డాక్టరు గారూ."

ఉరుము డాక్టరు ఉరమలేదు. గడ్డం మీద నుంచి కారుతున్న నీళ్లు తుడుచుకుని, నేల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు డ్రైవరు వ్యాను దిగుతూ. "డాక్టరు గారు కాదక్కా."

"నువ్వు ఆయన్ని వెనకేసుకు రాకు తమ్ముడూ."

"వెనకేసుకు రావడం కాదు. బండి ఆపమన్నదే ఆయన."

బ్రేకమ్మ చప్పున డాక్టరు వంక తిరిగింది.

"ఆరో మలుపులో వెనక చక్రం జారింది," అన్నాడు డ్రైవరు. "జూనియరు గారి తల అద్దానికి కొట్టుకుంది. అప్పుడైనా నెమ్మదించాలా? లేదు. ఇంకా తొక్కాను. ఏడో మలుపు ఎట్లా తిప్పానో నాకే తెలీదు. అప్పుడు వెనక నుంచి 'వద్దు' అని వినబడింది. గట్టిగా కూడా కాదు. నర్సమ్మ అనుకున్నా. తిరిగి చూస్తే డాక్టరు గారు."

"నా గొంతు నాకే కొత్తగా వినిపించింది," అన్నాడు ఉరుము డాక్టరు. "ఈ మాట పొద్దున్న పైలట్ అంటే నేను ఏమేం కూశానో గుర్తొచ్చింది కూడా. సిగ్గేసింది. అయినా అనేశాను. ఆ కుర్రాడి నుదురు చూశాక అనకుండా ఉండలేకపోయాను."

"మరి..." బ్రేకమ్మ ఇద్దరి వంకా చూసింది. "మరి నీకు ఎవరు చెప్పారు?"

డ్రైవరు చెప్పుల వంక చూసుకున్నాడు.

"చెప్పు తమ్ముడూ. ఎవరైనా సరే."

"నువ్వే అక్కా," అని, ఇంకేదో అనబోయి మింగేశాడు.

వ్యాను టాప్ మీద నుంచి వాననీళ్లు చుక్కా చుక్కా సిమెంటు మీద పడుతున్నాయి. ఆ చప్పుడులో బ్రేకమ్మకి పొద్దుటి తన గొంతు తనకే వినిపించింది. పైలట్ వద్దన్నాడు, అప్పుడే టైలరు ఆవిడ గదిలో నుంచి కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. ఆ తడి ఇంకా గొంతులో ఉండగానే ఫోన్ తీసింది. "తమ్ముడూ, విమానం లేదు, నువ్వే తేవాలి. ఇద్దరు ఆడపిల్లల తల్లి, పాపం. మెల్లగా రా నాయనా."

జాగ్రత్త చెప్పడానికి అన్న మాటే. ప్రేమగా అన్న మాటే.

"మెల్లగా అన్నది చెవిలోనే ఉండిపోయిందక్కా," అన్నాడు డ్రైవరు. "ఆడపిల్లలన్నది కాల్లోకి దిగింది. నాకూ ఇద్దరు కదా."

ఆవిడ అతని రెండు చేతులూ పట్టుకుంది. ఇంకా సన్నగా వణుకుతూనే ఉన్నాయి. క్షమించమని అడగబోయి, "ఏమైనా తిన్నావా?" అంది.

"తినిపిస్తా పదరా," అని నిద్రబాబు అతన్ని క్యాంటీను వైపు లాక్కుపోయాడు.

ఏడయింది. బ్రేకమ్మ గదిలో బల్ల మీద ఒక కాగితం. ప్రయాణంలో ఎక్కడైనా తేడా వస్తే నింపాల్సిన ఫారం. ప్రశ్నలు ఆవిడ రాసినవే. అయిదింటికి జవాబులు రాసింది. ఆరోది దగ్గర పెన్ను ఆగింది. పేషెంటు వివరం డ్రైవరుకి చేరిందా? చేరితే ఎవరి ద్వారా?

ఉరుము డాక్టరు లోపలికొచ్చాడు. స్నానం చేసి, ఎవరిదో పొట్టి చొక్కా తొడుక్కున్నాడు. ఎప్పుడూ గుమ్మంలో నిలబడి అరిచి వెళ్లే మనిషి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆరోదాంట్లో నా పేరు రాయండి."

"ఏంటండీ?"

"నేను చెప్పానని రాయండి. అందరూ నమ్ముతారు. మీరే నమ్మారు కదా."

బ్రేకమ్మ మొహం ఎర్రబడింది. "మీ మీద అన్యాయంగా నోరు పారేసుకున్నాను డాక్టరు గారూ."

"పర్వాలేదు, రెండేళ్లుగా నేను పారేసుకున్నదాంట్లో అది పదో వంతు కూడా కాదు. ఇది వినండి. నియమం పెట్టినావిడే తప్పిందని తెలిస్తే రేపు పదింటికి డైరెక్టరు ఏమంటాడు? ఆవిడే పాటించలేనిది మనకెందుకు, ఎత్తెయ్యండి అంటాడు. నేను తప్పానంటే, ఇట్లాంటివాళ్లున్నారు కాబట్టే నియమం కావాలంటారు. ఆ వద్దు అన్న మాటా, ఆ రెండో బండీ లేకపోతే ఈ పాటికి నేను ఎనిమిదో మలుపు కింద ఉండేవాణ్ణి. నా పేరు పోతే పోతుంది. అది ఉండాలి."

"అబద్ధం రాసిన ఫారం మీద నిలబడే నియమం ఎన్నాళ్లుంటుందండీ?"

"మీతో వాదించి ఎవరు గెలిచారు?"

"పొద్దున్న పైలట్ గెలిచాడు. ఒక్క మాటతో."

ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు. అప్పుడే ఫోన్ మోగింది. పెద్ద డాక్టరమ్మ గొంతు అలసిపోయి, తేలికపడి ఉంది.

"రక్తం వదిలాం. రంగు తిరిగింది. చూస్తుండగానే గులాబీ రంగుకొచ్చింది. పైత్యరసం కూడా ఊరుతోంది. మీ ఉరుముకి చెప్పు, ముక్క చెక్కుచెదరకుండా తెచ్చాడని."

బ్రేకమ్మ ఫోన్ పక్కన పెట్టి, వరండాలోకి పరిగెత్తింది. వద్దు వద్దనుకుంటూనే పరిగెత్తింది. టైలరు లేచి నిలబడ్డాడు. ఆవిడ తల ఊపింది. అతను గోడకి ఆనుకుని అట్లాగే జారి కూర్చుని, టేపు కొసతో కళ్లు తుడుచుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూ నవ్వాడు. పొద్దుటి నుంచి ఆవిడ గుండెల మీద కూర్చున్న బండరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఊపిరి అడుగు దాకా దిగింది. నలుగురూ వచ్చారు. ఆవిడ బతికింది. ఇంక ఏమన్నా కానీ.

గదిలోకి తిరిగొచ్చి, కూర్చుని, పెన్ను తీసి ఆరో ప్రశ్న దగ్గర "నేను" అని రాసింది. ఉరుము డాక్టరు కాగితం లాక్కోబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగుంది! చిన్నపిల్లల్లా ఏంటిది?"

గుమ్మంలో డైరెక్టరు. వానకోటు ఇంకా విప్పలేదు. వెనకాలే డ్రైవరు, రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని. బ్రేకమ్మకి ఇద్దామని తెచ్చినట్టున్నాడు. చేతులు ఇప్పుడు వణకడం లేదు.

"ఆవిడ బతికిందట, సంతోషం," అన్నాడు డైరెక్టరు. "కానీ నలభై అయిదు నిమిషాలు కొండ మీద బండి ఎందుకు ఆగిందో నాకు కావాలి. రేపటి దాకా దేనికి, ఇప్పుడే తేల్చేద్దాం. పెట్టె ఎవరి కోసమో డ్రైవరుకి చెప్పారట, చెప్పింది ఎవరు?"

"నేనే," అంది బ్రేకమ్మ.

"నేనే," అన్నాడు ఉరుము డాక్టరు.

రెండు గొంతులూ ఒక్కసారే వచ్చాయి. డైరెక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, విసుగ్గా వెనక్కి తిరిగాడు.

"నువ్వు చెప్పవయ్యా. విన్నది నువ్వే కదా. ఎవరు?"

డ్రైవరు బ్రేకమ్మ వంక చూశాడు. నిజం చెప్పెయ్యి అన్నట్టున్నాయి ఆవిడ కళ్లు. డాక్టరు వంక చూశాడు. ఆయన కళ్లు బతిమాలుతున్నాయి. టీ గ్లాసు నెమ్మదిగా ఫారం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, డైరెక్టరు మొహంలోకి సూటిగా చూశాడు.

"సార్, పొద్దున్న బండి బయల్దేరే ముందు నాకు రెండు ఫోన్లొచ్చాయి. ఒకటి అక్క చేసింది. మెల్లగా రమ్మంది," అన్నాడు. "రెండోది ఎవరు చేశారో, ఏమన్నారో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

వానకోటు గుండీ మీద డైరెక్టరు చెయ్యి ఉన్నచోటే ఆగిపోయింది.